ధర సినిమాను బట్టి కాదు, రోజును బట్టి మారాలి: సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,
నమస్కారం.

పెద్ద సినిమా విడుదలకు కొద్ది రోజుల ముందు సచివాలయం నుంచి ఒక మెమో వస్తుంది. ఫలానా సినిమాకు సింగిల్ స్క్రీన్లలో ఇంత, మల్టీప్లెక్సుల్లో ఇంత, ఇన్ని రోజుల పాటు పెంచుకోవచ్చు, ముందురోజు రాత్రి ప్రత్యేక ఆటకు ఇంత వసూలు చేసుకోవచ్చు అని అందులో ఉంటుంది. అది వచ్చేదాకా బుకింగ్ తెరవరు. వచ్చాక అర్ధరాత్రయినా తెరుస్తారు. ఆ వెంటనే ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కుతారు. హాలు మేనేజరుకు ఏ ధర మీద అమ్మాలో, కొన్నవాడికి ఏ ధర న్యాయమో తేలకుండానే మొదటి ఆట పడిపోతుంది.

మేం హాళ్ల లెక్కలు చూసేవాళ్లం, డీసీఆర్‌లు (రోజువారీ వసూళ్ల నివేదికలు) రాసేవాళ్లం, పంపిణీ ఒప్పందాలు చదివేవాళ్లం, టికెట్ కొనుక్కుని సినిమా చూసేవాళ్లం. మేం అడిగేది ఒక్కటే. సినిమా సినిమాకూ మెమో ఇవ్వడం మానేసి, ఏ రోజు ఏ ఆటకు ఎంతవరకు ధర పెట్టుకోవచ్చో ఒకేసారి జీవోలో రాసేయండి. అది పెద్ద హీరో సినిమాకూ కొత్తవాళ్ల సినిమాకూ ఒకే తీరుగా వర్తించాలి. ఎందుకో, ఎలాగో అంకెలతో చెబుతాం.

ముందు మన దగ్గర ఏం జరిగిందో చూద్దాం. 2021 ఏప్రిల్ 8 నాటి జీవో 35 గ్రామ పంచాయతీలోని నాన్ ఏసీ హాలుకు చివరి తరగతి ధర 5 రూపాయలుగా, ఏసీ హాలుకు 10 రూపాయలుగా పెట్టింది. హాల్లో పదిమంది ఉన్నా ఆరువందల మంది ఉన్నా ఏసీ, ప్రొజెక్టరు లాంపు, కరెంటు పోతే జనరేటరు డీజిలు ఖర్చు ఒక్కటే. ఆ ధరకు హాలు నడవదని లెక్క తెలిసిన ఎవరైనా చెప్పగలరు. ఆ ఏడాది డిసెంబరుకల్లా చాలాచోట్ల హాళ్లకు తాళాలు పడ్డాయి. చవక టికెట్ కాగితం మీద ఉంది, ఊళ్లో ఆట లేదు. 2022 మార్చి 7 నాటి జీవో 13 ఈ పొరపాటును చాలావరకు దిద్దింది. కార్పొరేషన్లలో నాన్ ఏసీకి కింది తరగతి 40, పై తరగతి 60. ఏసీకి 70, 100. ప్రత్యేక థియేటర్లకు 100, 125. మల్టీప్లెక్సులో మామూలు సీటు 150, రిక్లైనరు 250. మునిసిపాలిటీలకు, పంచాయతీలకు రిక్లైనరు తప్ప మిగతావి కాస్త తక్కువ. వీటన్నిటిపైనా జీఎస్టీ అదనం. నాలుగో వంతు సీట్లు తక్కువ ధర తరగతిలో ఉండి తీరాలని కూడా రాసింది. ఆ చట్రం మంచిదే. చెడింది దానికి తగిలించిన మినహాయింపు దగ్గర.

మినహాయింపు ఇది: హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికాలు పోను 100 కోట్లు దాటి ఖర్చయిన సినిమాకు, కొంత చిత్రీకరణ రాష్ట్రంలో జరిగి ఉంటే, మొదటి పది రోజులు ధర పెంచుకోవచ్చు. దీనితో ప్రభుత్వం నిర్మాత ఖాతా పుస్తకాలు చూసే ఆడిటరుగా మారింది. అసలు సినిమాకు ఎంత ఖర్చయిందన్నది టికెట్ కొనేవాడికి సంబంధించిన విషయం కాదు. తక్కువ ఖర్చుతో తీసిన సినిమాకు జనం విరగబడితే దాని ధర పెరగకూడదట, వంద కోట్లు పోసిన సినిమాకు హాలు సగం ఖాళీగా ఉన్నా పెరగవచ్చట. ఖర్చు ఎక్కువ చూపితే ధర ఎక్కువ పెట్టుకోవచ్చన్న నియమం ఖర్చును తగ్గించమని ఎవరికీ చెప్పదు.

ఇక పెంచే తీరు. మెమోలు పెంపును రూపాయల్లో చెబుతాయి, శాతంలో కాదు. ఉదాహరణకు సింగిల్ స్క్రీన్‌లో 75, మల్టీప్లెక్సులో 100, జీఎస్టీ అదనం అనుకుందాం. నాన్ ఏసీ హాల్లో 60 రూపాయల సీటు 135 అవుతుంది. టికెట్ 100 దాటితే పన్ను 5 శాతం నుంచి 18కి మారుతుంది కాబట్టి, ఇదివరకు 5 శాతం పన్నుతో 63 ఇచ్చినవాడు ఇప్పుడు 18 శాతం పన్నుతో 159 రూపాయల 30 పైసలు ఇవ్వాలి. రెండున్నర రెట్లు. అదే మల్టీప్లెక్సు రిక్లైనరులో కాళ్లు చాపుకుని కూర్చునేవాడికి 295 కాస్తా 413 అవుతుంది, అంటే 1.4 రెట్లు. బరువంతా చవక సీటు మీదే పడింది. ఇలా చేయాలని ఎవరూ కావాలని అనుకుని ఉండరు, రూపాయల్లో పెంచితే లెక్క అలాగే వస్తుంది.

జీఎస్టీ కలిపా, అదనమా అన్నది కూడా ఒక్కో మెమోలో ఒక్కో తీరు. 2024 డిసెంబరులో ఒక పెద్ద సినిమా ముందురోజు ఆటకు 800, జీఎస్టీ అదనం, అంటే 944. 2025 సెప్టెంబరులో మరో సినిమాకు జీఎస్టీతో కలిపి 1,000. తేడా చిన్నది కాదు. 105 రూపాయల (ధర 100, పన్ను 5) టికెట్‌కు పన్నుతో కలిపి 75 పెంచితే 180 అవుతుంది. అందులో పన్ను 27.46, హాలుకూ బయ్యరుకూ (సినిమా హక్కులు కొన్న పంపిణీదారుకూ) కలిపి మిగిలేది 152.54. అంటే పెంచిన 75లో 22 రూపాయల పైచిలుకు పన్నుకే పోయింది. పన్ను విడిగా వేస్తే అదే 75 పెంపు ప్రేక్షకుడికి 206.50 అవుతుంది.

రోజుల సంగతి మరీ విచిత్రం. శుక్రవారం విడుదలైన సినిమాకు పది రోజుల పెంపు అంటే రెండు వారాంతాలతో పాటు మధ్యలో సోమ, మంగళ, బుధ, గురువారాలు కూడా వస్తాయి. సినిమా వ్యాపారంలో అందరూ భయపడేది మొదటి సోమవారానికే. ఆరోజు హాల్లో జనం తగ్గుతారని తెలిసి కూడా ఆరోజుకు పెంచిన ధరే ఉంచుతున్నాం. సోమవారం వసూళ్లు పడిపోయాక నిర్మాతే మంగళవారం నుంచి మామూలు రేట్లు అని పోస్టరు వేస్తాడు. అప్పటికే రేటు ఎక్కువన్న మాట ఊరంతా పాకి ఉంటుంది. పోస్టరు చూసి వెనక్కి వచ్చేవాళ్లు తక్కువ. 2025 సంక్రాంతి సినిమాలకు 14 రోజుల పెంపు ఇస్తే, జీవోలో ఉన్నది పది రోజులే కదా అని హైకోర్టు కత్తిరించింది. మా దృష్టిలో ఆ పది కూడా ఎక్కువే.

పక్క రాష్ట్రాల్లో పరిస్థితి మెరుగ్గా ఉందని కాదు. తెలంగాణ జీవో 120 ఏసీ హాళ్లకు 50 నుంచి 150, మల్టీప్లెక్సులకు 100 నుంచి 250 అని పై హద్దూ కింది హద్దూ రెండూ పెట్టింది. ఆ ఆలోచన మంచిది. అయితే హాళ్లు పై హద్దు దగ్గరే కూర్చున్నాయి. 177, 295 అన్న అంకెలు అందుకే అందరికీ నోటికి వచ్చాయి. వాటి మీద మళ్లీ మెమోలు. 2025 సెప్టెంబరులో అక్కడి హైకోర్టు అలాంటి ఒక మెమోను విడుదలకు ముందురోజు నిలిపివేసింది. కర్ణాటక అదే నెలలో దాదాపు అన్ని హాళ్లకూ 200 దాటకూడదని నియమం తెస్తే అక్కడి హైకోర్టు ఆపింది. తర్వాత, ఒకవేళ డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తే ఇవ్వడానికి వీలుగా అమ్మిన ప్రతి టికెట్ లెక్కా ఉంచమని మల్టీప్లెక్సులకు చెప్పింది. నగరం నడిబొడ్డున మాల్‌లో ఉన్న హాలుకూ తాలూకా కేంద్రంలోని హాలుకూ ఒకే పై హద్దు పెడితే అది కోర్టులో నిలవడం కష్టం. కోదాడలో ఒక ధర, అరగంట దూరంలోని జగ్గయ్యపేటలో మరో ధర ఉండటం వల్ల ఎవరికీ నష్టం లేదు. ధర ఏ రోజు ఎంతుంటుందో ముందే తెలియకపోవడమే నష్టం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. మీ చేతిలో ఉన్న అతి పెద్ద సాధనం పన్ను గీత. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్‌పై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 100 దాటితే 18 శాతమే. కాబట్టి 100 రూపాయల టికెట్ ప్రేక్షకుడికి 105. 101 రూపాయల టికెట్ 119 రూపాయల 18 పైసలు. హాలు ఒక్క రూపాయి పెంచితే ప్రేక్షకుడికి 14 రూపాయలు ఎక్కువ పడతాయి. పన్నుతో కలిపి 105కూ 118కీ మధ్య టికెట్ ధర అన్నదే ఉండదు.

ఈ గీత తెలియకుండా కట్టిన తరగతులు ఇప్పుడు అడ్డం తిరుగుతున్నాయి. కార్పొరేషన్‌లో ప్రత్యేక థియేటరు పై తరగతి 125. ప్రేక్షకుడు ఇచ్చేది 147.50. కింది తరగతి 100, ఇచ్చేది 105. ఇద్దరి మధ్య తేడా 42.50. అందులో హాలు, పంపిణీదారుల వైపు వెళ్లేది 25 మాత్రమే. పైగా 147.50కి 150 ఇస్తే మిగిలే రెండున్నర రూపాయల చిల్లర ఏ కౌంటరూ ఇవ్వదు. 150 రూపాయలు తీసుకుని టికెట్ చేతిలో పెడతారు. మూడు వందల సీట్లు, నాలుగు ఆటలు నిండితే రోజుకు 3,000 రూపాయలు ఏ డీసీఆర్‌లోనూ కనబడకుండా పోతాయి. అందుకే ధరను ఎప్పుడూ ప్రేక్షకుడు ఇచ్చే మొత్తం నుంచి వెనక్కి కట్టాలి. మొత్తం 5తోనో 0తోనో ముగియాలి. 220 కావాలంటే 1.18తో భాగించి 186.44 మూల ధర, 33.56 పన్ను అని టికెట్ మీద అచ్చు వేయాలి. మూల ధర గుండ్రంగా ఉండాలన్న పట్టుదల వల్ల ఎవరికీ లాభం లేదు.

మల్టీప్లెక్సులో ఈ గీత ఇంకా బలంగా పనిచేస్తుంది. 150 రూపాయల సీటు 177 పడుతుంది. దాన్ని మామూలు రోజు మధ్యాహ్నం ఆటకు 100కి దించితే ప్రేక్షకుడు ఇచ్చేది 105. అతనికి 72 రూపాయలు మిగిలాయి, అంటే 41 శాతం తగ్గింది. హాలు, బయ్యరు వదులుకున్నది 50 మాత్రమే, మూడో వంతు. మిగిలిన 22 పన్ను తగ్గింపు నుంచి వచ్చాయి. ఈ గీత దాటని ఏ తగ్గింపులోనూ ఇంత అనుకూలత దొరకదు.

లెక్క కోసం రెండు వందల సీట్ల స్క్రీన్‌లో మంగళవారం మ్యాటినీ తీసుకుందాం. 177 ధరకు నలభై మంది వచ్చారు. వాళ్లు ఇచ్చింది 7,080. పన్ను 1,080 పోగా హాలు వైపు 6,000. అదే ఆటకు ధర 105 పెడితే అరవై మంది వస్తే చాలు, హాలు వైపు మళ్లీ అదే 6,000. ప్రేక్షకులంతా కలిసి ఇచ్చింది 6,300. ఇరవై మంది ఎక్కువ చూశారు, మొత్తం మీద 780 రూపాయలు తక్కువ ఇచ్చారు, హాలుకు పైసా తగ్గలేదు. అరవై ఒకటో మనిషి నుంచి లాభమే. క్యాంటీనుకు వెళ్లే చేతులూ ఇరవై పెరిగాయి.

మీ ఆర్థిక శాఖ ఇక్కడ అభ్యంతరం చెబుతుంది, చెప్పాలి కూడా. ఆ ఆటకు పన్ను 1,080 నుంచి 300కి పడింది, అందులో రాష్ట్రం సగం 540 నుంచి 150కి పడింది. నిజమే. ఈ తగ్గింపును శని, ఆదివారాలకు ఇవ్వమని అడగనిది అందుకే. ఆ రోజుల్లో 177కీ జనం వస్తారు, అక్కడ పన్ను వదులుకోవలసిన పని లేదు. సోమవారం నుంచి గురువారం దాకా ఉదయం, మధ్యాహ్నం ఆటలకు మాత్రమే అడుగుతున్నాం. ఆ ఆటల్లో అమ్ముడుపోని సీటు మీద ఖజానాకు వచ్చేది సున్నా.

తగ్గింపు అన్ని సినిమాలనూ బతికించదు. బాగోలేదని తేలిపోయిన సినిమాకు యాభై రూపాయలు పెట్టినా జనం రారు. బ్రహ్మాండంగా ఆడుతున్న సినిమాకు తగ్గించనక్కరలేదు. మధ్యస్థంగా ఉన్నవాటికి, రెండో వారంలోకి వచ్చినవాటికి, ఇంటిల్లిపాదీ చూడదగ్గవాటికి ఇది పనికొస్తుంది. నాలుగు వారాలు ఆగితే ఓటీటీలో వస్తుందని కూర్చునేవాళ్లలో విద్యార్థులు, పెద్దవాళ్లు, పిల్లల తల్లులు ఎక్కువ. వాళ్లకు తీరికగా ఉండేది మామూలు రోజు మధ్యాహ్నమే. పీవీఆర్ ఐనాక్స్ 2023 అక్టోబరులో నెలకు 699 రూపాయలకు పది సినిమాలు, సోమవారం నుంచి గురువారం వరకే, అని పాస్ పెట్టింది ఈ లెక్క మీదే. మొదట దక్షిణాది రాష్ట్రాలను అందులోంచి తప్పించింది.

మరి హాళ్లవాళ్లు ఇంత మంచి లెక్కను తమంతట తాము ఎందుకు అమలు చేయరని అడుగుతారు. సింగిల్ స్క్రీన్లలో జవాబు అద్దె పద్ధతిలో ఉంది. పెద్ద సినిమాకు మొదటి వారం హాలుకు గుత్తగా అద్దె ఇస్తారు. వారానికి రెండు లక్షలు అనుకుంటే టికెట్ 105 అయినా 206.50 అయినా యజమానికి ఆ రెండు లక్షలే. పెంపు అంతా బయ్యరుకు, అతని ద్వారా నిర్మాతకు వెళ్తుంది. జనం తగ్గితే క్యాంటీను, పార్కింగు ఆదాయం మాత్రం యజమానికి తగ్గుతుంది. సినిమా చల్లబడ్డాకో, చిన్న సినిమా వచ్చినప్పుడో పర్సంటేజ్ (వసూళ్లలో వాటా) అంటారు. లాభం వచ్చేచోట అద్దె, నష్టం వచ్చేచోట వాటా. 2025 మేలో ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని లేచింది దీని మీదే. అంతకు ఏడాది ముందు మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసుకున్నది జనం రాకపోవడం వల్ల.

ధర నిర్ణయించేది ఒకరు, ఖాళీ సీటు వల్ల నష్టపోయేది ఇంకొకరు అయినప్పుడు ధర దిగదు. కాబట్టి కొత్త జీవోలో ఒక షరతు ఉండాలి: మామూలు ధర కంటే ఎక్కువ వసూలు చేసే రోజుల్లో హాలుకు పర్సంటేజ్ ఇచ్చి తీరాలి. ఒప్పందాల్లో ప్రభుత్వం తల దూర్చడమేమిటని అంటారు. ధర పెంచుకునే వెసులుబాటు ప్రభుత్వం ఇస్తున్నప్పుడు దానికి షరతు పెట్టే హక్కూ ఉంటుంది. అక్కర్లేనివాళ్లు మామూలు ధరకే అమ్ముకుని అద్దే ఇచ్చుకోవచ్చు.

పాప్‌కార్న్ ఎందుకంత ఖరీదు అన్న ప్రశ్నకు కూడా ఇదే మూలం. టికెట్ సొమ్ములో పంపిణీదారుకు వాటా ఉంది, పాప్‌కార్న్‌లో లేదు. పైగా దానిపై పన్ను 5 శాతమే. ఏ వ్యాపారి అయినా సొమ్మును ఏ వైపు జరుపుతాడో వేరే చెప్పాలా. దాని మీద ఇంకో లేఖ రాయాలి, ఇక్కడ వదిలేస్తున్నాం.

మేం ప్రతిపాదించే మెట్లు ఇవి. జీవో 13లోని ధరలను మూల ధరలుగా ఉంచండి. సోమవారం నుంచి గురువారం వరకు, సెలవు కాని రోజుల్లో, సింగిల్ స్క్రీన్‌లో ఏ సీటూ మూల ధర 100 దాటకూడదు. అంటే 125 తరగతి ఆ నాలుగు రోజులు ఉండదు. మల్టీప్లెక్సుల్లో ఉదయం, మధ్యాహ్నం ఆటలకు కనీసం సగం సీట్లు 105కే అమ్మాలి, మిగతావి 177 వరకు. సాయంత్రం, రాత్రి ఆటలకు మూల ధర. శుక్ర, శని, ఆదివారాలు, ప్రభుత్వ సెలవులు మూల ధర. ఏ సినిమాకైనా విడుదలైన మొదటి మూడు రోజులు పై తరగతికి మూల ధరకు ఒకటిన్నర రెట్ల దాకా వెళ్లవచ్చు. సంక్రాంతికి, దసరాకు మూడు బదులు ఐదు రోజులు. మొత్తాన్ని కిందికి సరిచేస్తే ప్రత్యేక థియేటరులో 220, మల్టీప్లెక్సులో 265, రిక్లైనరు 440 అవుతాయి. తక్కువ ధర తరగతిలోని నాలుగో వంతు సీట్లకు ఈ పెంపు ఏ రోజూ వర్తించకూడదు. ముందురోజు రాత్రి ఆట కావాలంటే ఒకే ఆట, మూల ధరకు రెట్టింపు మించకుండా, మల్టీప్లెక్సులో 350. అదీ సినిమా పడుతున్న హాళ్లన్నిటిలో ఒకే వేళకు. రెండు మూడు హాళ్లలోనే వేస్తే ఊరంతా అక్కడికే ఎగబడుతుంది. జనం ఒక్కచోట ఎగబడితే ఏమవుతుందో 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్‌లో చూశాం, ముందురోజు ఆట దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది.

వెయ్యి రూపాయల దగ్గర నుంచి 350కి దిగమంటే నిర్మాతలు ఒప్పుకోరని మాకు తెలుసు. వాళ్ల వాదన ఇలా ఉంటుంది: సినిమాను ఇంత రేటుకు అమ్మాం, బయ్యరు మినిమమ్ గ్యారంటీ (వసూళ్లు ఎలా ఉన్నా ముందే ఇచ్చే సొమ్ము) కట్టాడు, మొదటి వారాంతంలో రాబట్టకపోతే మునిగిపోతాడు. ఇందులో నిజం ఉంది, అయితే కారణం తలకిందులైంది. ఎలాగూ పెంపు మెమో వస్తుందన్న నమ్మకంతోనే సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, గుంటూరు హక్కులకు అంత రేటు పలుకుతోంది. ఏ మూడు రోజులు ఎంత వస్తుందో ఏడాది ముందే జీవోలో ఉంటే బయ్యరు ఆ లెక్క మీదే పాడుకుంటాడు. అందుకే ఇప్పటికే హక్కులు అమ్ముడైన సినిమాలు ఇబ్బంది పడకుండా జీవో వచ్చిన ఆరు నెలల తర్వాతి విడుదలల నుంచి దీన్ని అమలు చేయండి.

అనుమతి అన్న మాట ఇందులో ఎక్కడా రాకూడదు. హాలు నడపడానికి ఇచ్చే బి ఫారం లైసెన్సులో ఈ మెట్ల పట్టిక చేర్చండి. విడుదలకు పది రోజుల ముందు హాలు తన ధరల పత్రాన్ని జాయింట్ కలెక్టరు కార్యాలయానికి ఆన్‌లైన్‌లో పంపుతుంది: ఏ రోజు, ఏ ఆట, ఏ తరగతి, ఎన్ని సీట్లు, పన్నుతో కలిపి ఎంత. రసీదు సంఖ్య రాగానే బుకింగ్ తెరవవచ్చు. మొదటి టికెట్ అమ్మాక ఆ ఆట ధర పెంచడానికి వీల్లేదు. తగ్గించడానికి ఎప్పుడైనా వీలుండాలి, దానికి ఏ కాగితమూ నడవక్కర్లేదు.

దొంగదారులు ఎక్కడ తెరుచుకుంటాయో కూడా ముందే చెబుతాం. మొదటిది, చవక సీట్లు మాయం కావడం. యాప్‌లో ముందు వరుసలు అమ్ముడైనట్టు బూడిద రంగులో కనిపిస్తాయి, అవి అభిమాన సంఘాల చేతికో బ్లాకుకో వెళ్తాయి. విరుగుడు: నాలుగో వంతు సీట్లలో సగం కౌంటరులోనే, ఆట మొదలయ్యే రెండు గంటల ముందు నుంచి, మనిషికి నాలుగు టికెట్ల లెక్కన అమ్మాలి. రెండోది కాంబో: టికెట్‌తో పాటు పాప్‌కార్న్, కూల్ డ్రింకు కట్టబెట్టి ధర హద్దు దాటించడం. విడి టికెట్ దొరకని కాంబో అమ్మకాన్ని ధర ఉల్లంఘనగానే చూడాలి. మూడోది రిక్లైనరు. జీవో 13లో రిక్లైనరుకు పంచాయతీలోనైనా 250 ఉంది. వెనక వరుసలో మెత్తటి సోఫా వేసి రిక్లైనరు అంటారు. వీపు వెనక్కి వాలి, కాలి కింద పలక లేచే సీటు మాత్రమే రిక్లైనరు అని రాయండి, హాలు సీట్లలో పదో వంతు మించకూడదని కూడా.

నాలుగోది ఆన్‌లైన్ రుసుము. ఇది శాతంలో కాకుండా టికెట్‌కు ఇంత అని ఉంటుంది. 25 రూపాయలు అనుకుంటే 18 శాతం పన్నుతో 29.50. మీరు ఎంతో కష్టపడి 105కి తెచ్చిన టికెట్ మీద అది 28 శాతం. రిక్లైనరు మీద పది శాతం. ఇక్కడ కూడా బరువు చవక టికెట్ మీదే. రుసుమును టికెట్ మొత్తంలో 5 శాతానికి పరిమితం చేస్తే 105 మీద ఐదు రూపాయల పావలా అవుతుంది. గత ప్రభుత్వం సొంత పోర్టల్ ద్వారానే అమ్మాలని 2021లో చట్టం సవరించింది, తర్వాతి ఏడాది హైకోర్టు దాన్ని ఆపింది. హాళ్లవాళ్ల భయం సొమ్ము ముందు ప్రభుత్వ ఖాతాలోకి వెళ్తుందని. ఆ దారిలో మళ్లీ వెళ్లకండి. సొమ్ము ఎవరి ఖాతాకు వెళ్లినా ఫర్వాలేదు, మీకు కావలసింది లెక్క.

ఆ లెక్కను బయట పెట్టమని కూడా అడుగుతున్నాం. ఇప్పుడు కనిపించేదంతా నిర్మాత పోస్టరు మీద గ్రాస్ (పన్నుతో కలిపి మొత్తం వసూలు) అంకె. అది ఎంతమంది చూశారో చెప్పదు. వంద మంది 177 చొప్పున కొంటే గ్రాస్ 17,700. ధర 295 చేసి డెబ్బై మంది వస్తే 20,650. ముప్పై మంది హాలుకు రావడం మానేశారు, పోస్టరు మీద మాత్రం అంకె 17 శాతం పెరిగింది. ప్రతి హాలు, ప్రతి ఆట, ప్రతి తరగతిలో అమ్ముడైన టికెట్ల సంఖ్యను వారం ముగిసిన పది రోజులకు జిల్లా వారీగా ప్రచురించండి. ఈ లెక్క టికెటింగ్ సాఫ్ట్‌వేరులో ఇప్పటికే ఉంది, కొత్త యంత్రం కొననక్కర్లేదు. మేం పైన వేసిన నలభై, అరవై లెక్క నిజంగా పనిచేస్తోందా లేదా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. ఆరు నెలల తర్వాత మధ్యాహ్నం ఆటల్లో జనం ఒకటిన్నర రెట్లు పెరగకపోతే ఆ మెట్టును సవరించండి, మాకు అభ్యంతరం లేదు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ధరలు నిర్ణయించే అధికారం 1955 సినిమాల నియంత్రణ చట్టం కిందే ప్రభుత్వానికి ఉంది. జీవో 13లో 100 కోట్ల మినహాయింపు పేరాను తీసేసి ఆ స్థానంలో రోజుల పట్టికను పెట్టాలి. ధరల ముందు జీఎస్టీ అదనం అన్నచోట ప్రేక్షకుడు చెల్లించే మొత్తం అని మార్చాలి. రిక్లైనరు నిర్వచనం, పర్సంటేజ్ షరతు, ఆన్‌లైన్ రుసుము హద్దు, టికెట్ల సంఖ్య ప్రచురణ అన్నవి నాలుగు కొత్త పేరాలుగా చేర్చాలి. ముసాయిదాను ఎగ్జిబిటర్లకు, పంపిణీదారులకు, నిర్మాతలకు, ప్రజలకు నెల రోజులు చూపించి అభ్యంతరాలు తీసుకోండి. 2021లో ఆ పని చేయకపోవడం వల్లే వ్యవహారం హాళ్ల మూత దాకా వెళ్లింది. జూన్ నెలాఖరులోగా తుది జీవో వస్తే ఆరు నెలల గడువు డిసెంబరుతో తీరి, సంక్రాంతి సినిమాలు ఈ పట్టిక మీదే విడుదలవుతాయి.

ఇట్లు,
సినిమా హాళ్ల లెక్కలు చూసేవాళ్లం, టికెట్ కొనేవాళ్లం